దర్వాజ దగ్గర తూకం గుండు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక చిన్న మాట. "నువ్వు పోయి అటు ఆడోళ్ళ దగ్గర నిలబడు" అన్నాను. గొంతు పెంచలేదు, కోపంగానూ అనలేదు. బస్సులో ఎవరినో పక్కకి జరగమన్నట్టు అన్నాను. ఆ మాట విన్న అమ్మాయి నా విద్యార్థిని. ఆమె చేతిలో తూకం గుండు ఉంది. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి వేలాడదీసే ఇనప గుండు. ఆమె దారాన్ని గుండుకి చుట్టి, పక్కనున్న అబ్బాయి చేతిలో పెట్టి, నేను చూపించిన వైపు వెళ్ళింది.

అటు వైపు ఇసుక మోస్తున్న కూలీ ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకామె ఆ అమ్మాయి తల్లి.

ఇది రెండు వేల సంవత్సరం దాటాక తొలి రోజుల సంగతి. బాన్సువాడ బస్టాండుకి దగ్గర్లో, ఎరువుల దుకాణం మీది గదుల్లో ఒక ప్రైవేటు కాలేజీ ఉండేది. ఇప్పుడది లేదు. పదో తరగతి అయినవాళ్ళకి అక్కడ రెండేళ్ళ వృత్తి విద్యా కోర్సులు చెప్పేవారు. నేను ఇళ్ళ నిర్మాణం గ్రూపుకి పాఠాలు చెప్పేవాణ్ణి. ప్లాను గీయడం, ఎంత ఇటుక, ఎంత సిమెంటు పడుతుందో అంచనా కట్టడం, లెవెల్ పైపు పట్టడం, తాపీ పట్టడం. ఊళ్ళో మా గ్రూపుని 'తాపీ కాలేజీ' అనేవాళ్ళు. ఆ మాటకి మొదట్లో నొచ్చుకునేవాణ్ణి, తర్వాత నేనే అలా అనడం మొదలుపెట్టాను.

అంతకు ముందు, తొంభైలలో, డిప్లొమా చేసి కాంట్రాక్టర్ల దగ్గర సూపర్‌వైజర్‌గా తిరిగాను. పదేళ్ళు మేస్త్రీల వెంట పనిచేసిన పిల్లలు గోడ కట్టగలరు గానీ ప్లాను చదవలేరు. నాలాగా చదువుకుని వచ్చినవాళ్ళు ప్లాను చదవగలరు గానీ ఎండలో గంటసేపు తాపీ పట్టలేరు. ఈ ఇద్దరికీ మధ్య ఒక మనిషి కావాలని, అలాంటి మనిషికి పని ఎప్పుడూ దొరుకుతుందని నాకు నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. సైటు సూపర్‌వైజర్ కావచ్చు, ఇంజనీరు ఆఫీసులో బొమ్మలు గీయొచ్చు, ఇంకా చదవాలనుకుంటే పాలిటెక్నిక్ వైపు వెళ్ళొచ్చు. ప్రతి వేసవిలో పదో తరగతి ఫలితాలు రాగానే స్కూటర్ మీద పిట్లం వైపు, కోటగిరి వైపు, రుద్రూర్ వైపు తిరిగి ఇదే చెప్పేవాణ్ణి. మిగతా కాలేజీల వాళ్ళు ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు పట్టుకొచ్చేవారు. నా దగ్గర మడతలు పెట్టిన ఒక ఇంటి ప్లాను ఉండేది. మంచం మీద పరిచి, "ఇది మీ ఇల్లే అనుకోండి" అని మొదలుపెట్టేవాణ్ణి.

పిట్లం వైపు ఒక తండాలో అలాగే పరిచాను. ఆ ఇంటామె బాన్సువాడలో సైట్ల మీద కూలీకి వచ్చేది, ముఖం ఎరుకే. ఆమె ప్లానుని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"గోడ గట్టుడు నేర్సుకోనీకి కాలేజేంది సార్? పెండ్లైన కాడి సంది నేను గదే పని జేస్తున్న. నాకే ఒక సర్టిఫికెట్ ఇయ్యరాదు."

పక్కింటివాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వులు అయ్యాక ఆమె అసలు మాట అడిగింది.

"ఆడివిల్లకు మీ కాడ తట్ట గాకుంట ఇంకేం ఇస్తరు?"

గుమ్మంలో ఆమె కూతురు నిలబడి వింటోంది. పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. నేను వెంటనే చెప్పాను. "నీ బిడ్డ తట్ట మోయదక్కా. గోడ సక్కగున్నదా లేదా అని చెప్పే మనిషైతది. అందరి ముంగట తూకం గుండు వట్టిస్త."

ఆ మాట మీదనే ఆమె కూతుర్ని పంపింది. మా గ్రూపులో ఒకే ఒక్క అమ్మాయి.

తూకం గుండు విషయంలో ఆ అమ్మాయికి ఓపిక ఎక్కువ. అబ్బాయిలు దారం వదిలిపెట్టి, గుండు ఇంకా ఊగుతుండగానే "సరిపోయింది సార్" అనేవాళ్ళు. ఆమె మాత్రం గుండు పూర్తిగా ఆగేదాకా కదిలేది కాదు. "నీ గుండు ఆగేటాల్లకు స్లాబ్ గూడ పడ్తది" అని ఒకడు ఎక్కిరిస్తే, "పడనీ, నువ్వు గట్టిన గోడ మీద పడ్తే నీ నెత్తి మీదికే వస్తది" అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు వాణ్ణి ఎవరూ వదల్లేదు.

రెండో ఏడాది పిల్లల్ని నిజమైన సైట్ల మీదికి తీసుకెళ్ళాలి. నాకు పాత పరిచయమున్న మేస్త్రి ఒకాయన కోటగిరి దారిలో ఒక ఇల్లు కడుతున్నాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడిన రైతుల ఇల్లు. మేస్త్రి దగ్గర ఇసుక మోసేవాళ్ళలో ఈ అమ్మాయి తల్లి కూడా ఉంది. దర్వాజ నిలబెట్టే రోజు దగ్గరపడింది. ఆ ఇంటివాళ్ళు దాన్ని సింహద్వారం అంటారు. ఎవరు ఏ పేరుతో పిలిచినా, ఇల్లు కట్టేవాళ్ళకి అది పండగే. తలుపు బిగించే చెక్క చౌకట్టుకి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కడతారు. మేస్త్రికీ వడ్రంగికీ కొత్త బట్టలు పెడతారు. చౌకట్టు నిలబెట్టి ఊతకర్రలు పెట్టాక ఒకరు గుండు వేసి రెండు పక్కలా చూసి "సరే" అనాలి. ఆ మాట అన్నాకే మేస్త్రి చౌకట్టు కింద సిమెంటు మాలు నింపుతాడు, ఇంటివాళ్ళు కొబ్బరికాయ కొడతారు. అందాకా పంతులుతో సహా అందరూ ఆ గుండునే చూస్తూ ఉంటారు.

ఆ పని ఈ అమ్మాయిదేనని క్లాసులో ముందే చెప్పాను. తల్లికీ తెలుసు. తోటి కూలీలందరికీ ఆమె చెప్పుకుంది.

ఆ ఉదయం అమ్మాయి ఉతికిన యూనిఫాంలో వచ్చింది. చౌకట్టు నిలబెట్టారు. ఆమె దారం విప్పుతోంది. అప్పుడు ఇంటి యజమాని తల్లి, పెద్దావిడ, నా పక్కకి వచ్చి అడిగింది.

"ఏవండీ మాస్టారూ, సింహద్వారానికి ఆడపిల్ల చేత గుండు పట్టిస్తున్నారేంటి?"

మేస్త్రి నా వైపు చూశాడు. నేను ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. ఈ పిల్లే బాగా చూస్తుందండీ అంటే సరిపోయేది. ఆవిడ ఆడపిల్ల అని అడిగిందో, తండా పిల్ల అని అడిగిందో కూడా నాకు తెలియదు. కనుక్కోలేదు. పిల్లలకి పని చూపించడానికి సైట్లు దొరకడం కష్టంగా ఉన్న రోజులు, ఈ సైటు పోతుందేమోనని ఒక భయం వచ్చింది. ఆ భయంలో నోట వచ్చింది ఆ మాట.

ఆడవాళ్ళ దగ్గర నిలబడమన్నాను. కానీ అక్కడ ఎవరూ ఊరికే నిలబడి లేరు. అందరూ ఇసుక ఎత్తుతున్నారు, మోస్తున్నారు. వాళ్ళ మధ్య చేతులు కట్టుకుని ఎలా నిలబడుతుంది? ఆమె వంగి ఒక తట్ట తీసుకుంది, ఎవరో నింపారు, ఎత్తుకుంది. కాలేజీ యూనిఫాం మీద, నెత్తిన ఇసుక తట్టతో నాలుగడుగులు వేసింది. తల్లి చేతిలోని పార అక్కడే వదిలి వచ్చి, కూతురి నెత్తి మీది తట్ట దించి కింద పెట్టింది. నా వైపు కూడా చూడలేదు.

నేను అదంతా చూశాను. చూసి, కొబ్బరికాయ కొట్టేవైపు తిరిగాను.

భోజనాలకి గారెలు, పులిహోర పెట్టారు. తిన్నాను. తల్లీకూతుళ్ళు పంక్తిలో కనబడలేదు.

మర్నాడు అమ్మాయి క్లాసుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. జ్వరమేమోనని మొదట నాకు నేను చెప్పుకున్నాను. హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు దగ్గర గొంతు తగ్గించేవాణ్ణి, అబ్బాయిలు తలలు దించుకునేవాళ్ళు. వారం గడిచాక మేస్త్రి బజార్లో కలిశాడు.

"తల్లి గూడ పనికొస్తలేదు సార్. పట్నం పొయ్యే మందిల కలుస్తదట. ఆడ పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్నయి గద. బిడ్డను గూడ తీస్కపోతదట."

"చదువు?"

"గది నన్నడుగుతవేంది?" అన్నాడు మేస్త్రి. "గంత జల్ది ఎందుకు పక్కకు పంపినవ్ సార్? ముసలామెకు నేను జెప్పకపోదునా? నా సైటు గాదా అది?"

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. పట్నం వెళ్తే ఆ అమ్మాయి చేతికి వచ్చేది తట్టే. నేను వాళ్ళ గుమ్మంలో చెప్పిన మాటకి సరిగ్గా వ్యతిరేకం, అదీ నా వల్లే.

ముందు కోటగిరి దారిలోని ఆ ఇంటికే వెళ్ళాను. పెద్దావిడ వరండాలో పప్పు చెరుగుతోంది. ఆ రోజు ఆ పిల్లని పంపేయడం నా పొరపాటని, ఇకముందు ఎవరి వంతు వస్తే వాళ్ళే గుండు పడతారని, మీకు అభ్యంతరమైతే వేరే సైటు చూసుకుంటానని చెప్పాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలవి. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"అదేంటండీ, నేను అడిగానంతేగా. మా కాలేజీలో పద్ధతి ఇదీ అని మీరంటే ఊరుకునేదాన్నిగా. మీరే గబుక్కున ఆ పిల్లని పంపేశారు. భోజనాలప్పుడు వెతికాను కూడా, కనబళ్ళా."

ఆ మాటతో సగం బరువు దిగింది, సగం పెరిగింది. నన్ను ఎవరూ బలవంతం చేయలేదన్న సంగతి ఇక దాచుకోవడానికి వీల్లేకపోయింది.

ఆ సాయంత్రమే కాలువ గట్టు మీదుగా తండాకి వెళ్ళాను. తల్లి ఇంటి ముందు చిమ్ముతోంది. చీపురు ఆపకుండానే అంది.

"ఏం సార్, కాలేజీల ఏసుకోనీకి ఇంకెవరన్న గావాల్నా?"

"లేదక్కా. తప్పయింది. గది చెప్దామనే వచ్చిన."

"నాకెందుకు చెప్తవ్? నేనెప్పుడన్న తట్ట మోసేదాన్నే. దానికి చెప్పు."

అమ్మాయి రేషన్ దుకాణానికి, కంట్రోల్ బియ్యం కోసం వెళ్ళిందట. మంచం వాల్చి కూర్చోమన్నారు. అదే మంచం, ఆ వేసవిలో ప్లాను పరిచింది. సంచి భుజాన వేసుకుని అమ్మాయి వచ్చేసరికి ఇరుగుపొరుగు నలుగురు చేరారు. నేను లేచి నిలబడి, ఆ రోజు నీ చేతిలో గుండు తీయించడం తప్పు, ఎవరూ చెప్పకుండానే నేనే చేశాను అన్నాను. అందరి ముందూ లాక్కున్న పని కాబట్టి అందరి ముందే చెప్పాలనిపించింది. అమ్మాయి సంచి దించి, చాలాసేపు దాని మూతి సర్దింది.

"సార్, ఇంకోపారి ఇంకెవరన్న అంటే ఏం చేస్తరు?"

"అననియ్యి. గుండు నీ చేతులనే ఉంటది."

"మాటలైతే సార్ మంచిగ చెప్తడు" అని తల్లి పక్కింటామెతో అంది. పక్కింటామె వాళ్ళ భాషలో ఏదో అంటే అందరూ నవ్వారు. నాకు చెప్పమని అడగలేదు. తర్వాత తల్లి నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ ఇల్లు గట్టుకుంటున్నవట గద. మేస్త్రి చెప్పిండు. నీ దర్వాజకు ఎవరు గుండు వడ్తరు సార్?"

నిజమే, బాన్సువాడలో నా ఇల్లు పునాది దాటి లేచింది. చౌకట్టు వడ్రంగి దగ్గర తయారవుతోంది. వేరే వాళ్ళ ఇంట్లో ధైర్యం గురించి మాట్లాడుతున్న నన్ను ఆమె నా ఇంటి ముందుకే తెచ్చి నిలబెట్టింది.

"నీ బిడ్డనే" అన్నాను.

"సూద్దాం" అందామె. ఆ మాట తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

సోమవారం హాజరు పిలుస్తూ ఆమె పేరు దగ్గరికి వచ్చాను. తల ఎత్తడానికి ధైర్యం చాలక పేరు చదివి ఊరుకున్నాను. వెనక బెంచీ నుంచి "ఎస్ సార్" అని వినిపించింది. ఆ రోజు పాఠం ఏం చెప్పానో గుర్తులేదు. కిటికీలోంచి ఎరువుల బస్తాల వాసన వస్తోందని, అది ఎప్పుడూ లేనంత బాగుందని మాత్రం గుర్తుంది.

ఇక మిగిలింది మా అమ్మ. మడీ ఆచారం ఎక్కువ, ముహూర్తాలు తప్పనివ్వదు. ఆమెకి చెప్పడం రేపు రేపు అని వాయిదా వేస్తూ దర్వాజ నిలబెట్టే ముందు రోజుదాకా తెచ్చాను. చివరికి ఆమె తమలపాకులు తుడుస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను. తండా పిల్ల అని కూడా చెప్పాను, ఈసారి ఏదీ దాచదలుచుకోలేదు.

"తూకం మంచిగ జూస్తదా?" అంది అమ్మ.

"జూస్తది."

"మరింక ఫికరేంది? వంకర దర్వాజ వెడితె నేను ఊకోను గని. పిల్లను మాత్రం తినే రమ్మను. ఉత్త కడుపుతోని చేతులు వణుకుతయి."

నేనూ ఒక తమలపాకు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. "ఇంకేమన్న ఉన్నదా?" అంది. లేదన్నాను. ఆ సాయంత్రమే అమ్మ నా స్కూటర్ వెనక కూర్చుని తండాకి వచ్చి, ఆ తల్లికి బొట్టు పెట్టి పిలిచింది. దారంతా గుంతలని నన్ను తిట్టింది.

మర్నాడు చౌకట్టు నిలబెట్టారు. అమ్మాయి గుండు వదిలింది. గాలి కొంచెం ఉంది, గుండు ఊగుతోంది. పంతులుగారు మంత్రం ఆపి, "కానీయమ్మా, ముహూర్తం దాటుతున్నది" అన్నారు.

"ఆగుండ్రి పంతులుగారూ. గుండు ఆగాలె" అంది అమ్మాయి, కళ్ళు తిప్పకుండానే.

ఆయన నా వైపు చూశారు. మేస్త్రి కూడా చూశాడు. "ఆగుదాం పంతులుగారూ" అన్నాను. ఈసారి ఆ మాట సులువుగానే వచ్చింది. గుండు ఆగింది. ఒక పక్క కొద్దిగా లోపలికి ఉందని ఆమె చెప్తే మేస్త్రి ఊతకర్ర సర్దాడు. మళ్ళీ వదిలింది, మళ్ళీ ఆగేదాకా చూసింది. "సరే" అంది. అమ్మ కొబ్బరికాయ కొట్టి, మేస్త్రికీ వడ్రంగికీ బట్టలు పెట్టి, మూడో జత ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

ఆ అమ్మాయి కోర్సు పూర్తిచేసి నిజామాబాద్‌లో ఒక ఇంజనీరు దగ్గర బొమ్మలు గీసే పనికి చేరింది, తర్వాత సైట్లు చూసుకునే పనికి వెళ్ళింది. నేను మాత్రం ఆ ఏడాది నుంచి ఏ సైటుకి వెళ్ళినా ఇంటివాళ్ళతో ముందే ఒక మాట చెప్పేవాణ్ణి, వంతు ఎవరిదైతే గుండు వాళ్ళదేనని. ఒకరిద్దరు వద్దన్నారు, ఆ సైట్లు వదులుకున్నాం. మిగతావాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. నేను భయపడినంత మంది అడ్డు చెప్పలేదు.

మా దర్వాజ నిలబెట్టిన రోజు సంగతి ఇంకొంచెం ఉంది. చౌకట్టు కింద మాలు నింపాలి. ఇద్దరు కూలీలు రాలేదని మేస్త్రి గొణుగుతున్నాడు. ఆ తల్లి మా అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. బొట్టు పెట్టి పిలిచిన మనిషి, ఆమెని లేపడానికి వీల్లేదు. నేను చెప్పులు విడిచి, ఒక తట్ట తీసుకుని మాలు దగ్గరికి వెళ్ళాను. ఆమె చూసింది. లేచి వచ్చి నా భుజం మీది తువ్వాల లాక్కుని, గుండ్రంగా చుట్టి నా నెత్తిన పెట్టింది.

"కిందికి సూడకు సార్, మెడ వట్టుకుంటది. సీదా సూస్కుంట నడువు."

"సగం చాలక్కా" అన్నాను.

ఆమె పార తీసుకుని తట్ట నిండా నింపింది.